పూటకూళ్లిల్లూ పల్లె పొయ్యీ: 'ఆంధ్రకేసరి' సినిమా మీద కొన్ని ప్రశ్నలు

టంగుటూరి ప్రకాశం జీవితం మీద విజయచందర్ తనే పాత్ర వేసి, తనే దర్శకత్వం చేసిన 'ఆంధ్రకేసరి' 1983లో వచ్చింది. పొదిలి వాళ్లకు ఇది పరాయి మనిషి కథ కాదు. 1970లో పొదిలి తాలూకాను నెల్లూరు నుంచి విడదీసి ఒంగోలు జిల్లాలో కలిపారు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. ఆ పేరును చిరునామాలో రాసుకుంటూ చదువుకున్న వాళ్లం గనక ఆ కథను తరచి చూసే హక్కు మనకుంది.

కథ తెలిసిందే. ఆయన 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టాడు. చిన్ననాడే తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ ఒంగోల్లో పూటకూళ్లిల్లు నడిపి పిల్లల్ని సాకింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు మాష్టారు చేరదీసి రాజమండ్రి తీసుకుపోయాడు. పిల్లవాడు ప్లీడరయ్యాడు, సీమకు పోయి బారిస్టరయ్యాడు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ను ఎదిరిస్తూ తుపాకులకు రొమ్ము చూపాడు. ఆ తెగువను ఎవరూ కాదనరు. పేచీ అంతా ఈ కథ నుంచి తీసే నీతితోనే: పట్టుదల ఉంటే ఎంత పేదవాడైనా పైకొస్తాడట.

పూటకూళ్లిల్లు దగ్గరే ఆగి చూద్దాం. సుబ్బమ్మ కష్టం నిజం. అయితే ఆమె వండింది నలుగురూ డబ్బిచ్చి తిన్నారు. ఆ కాలంలో మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో మొగుడు పోయిన ఆడది అదే పొయ్యి వెలిగిస్తే ఊళ్లో వాళ్లు ఎవరు తింటారు? ఎంత పట్టుదల ఉన్నా ఆమెకు ఆ బతుకుతెరువు లేదు. కూలికే పోవాలి. మా అమ్మ మిరపకోతలకు పోయి నన్ను చదివించింది. ఆమె కోసిన కాయ అందరి వంటింట్లోకీ పోయింది, ఆమె పోలేదు. పేదరికం ఇద్దరు తల్లులకూ ఉంది. అంటు ఒక్కరికే ఉంది. ఈ తేడా చూపని పేదరికం సగం నిజమే.

రాజమండ్రి మీద ఆరుద్ర రాసిన పాట ఈ సినిమాకు పెద్ద పేరు తెచ్చింది. సత్యం బాణీ, బాలసుబ్రహ్మణ్యం గొంతు ఇప్పటికీ జనం నోట ఉన్నాయి. అందులో రాజరాజ నరేంద్రుడున్నాడు, రెడ్డిరాజులున్నారు, నన్నయ, శ్రీనాథుడు, వీరేశలింగం ఉన్నారు. ఆ ఊరి రేవులో మూటలు మోసినవాళ్లు, వీధులూడ్చినవాళ్లు, తోళ్లు ఊనినవాళ్లు లేరు. ఊరంటే రాజులూ కవులే అయినప్పుడు ఆ ఊళ్లో ఎదిగే నాయకుడూ వాళ్ల వారసుడిగానే కనిపిస్తాడు.

సినిమా వచ్చిన రెండేళ్లకు, 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగుర్ని చంపారు. తాగే చెరువునీళ్లు పాడుచేయొద్దన్న దగ్గర మొదలైన తగాదా అది. ఇంకొకరి కూడూ నీళ్లూ ముట్టుకునే హక్కు ఎవరిదన్న ప్రశ్న సుబ్బమ్మ కాలంతో పోలేదు.

1953లో ప్రకాశం మంత్రివర్గంలోనే దామోదరం సంజీవయ్య ఉన్నాడు. 1921లో కర్నూలు జిల్లా పెదపాడులో మాల కుటుంబంలో పుట్టాడు, పసిగుడ్డుగా ఉండగానే తండ్రి పోయాడు. 1960లో ముఖ్యమంత్రి అయ్యాడు. దేశంలోనే ఆ పదవికెక్కిన మొదటి దళితుడు. తండ్రిలేని ఇద్దరు పిల్లల కథల్లో ఒకటే ఇంత పెద్ద సినిమాగా మన మనసుల్లో ఎందుకు నిలిచింది?

ఆగస్టు 23 జయంతికి బళ్లో ఈ సినిమా వేస్తే వేయండి మాష్టార్లూ. అయిపోయాక పిల్లల్ని ఒక్కమాట అడగండి: ఆ పూటకూళ్లింట్లో బయట నిలబడాల్సి వచ్చేది మనలో ఎవరు?