స్మగ్లర్ కథలో కూలీ ఎక్కడ?

స్మగ్లర్ జీవితం మీద సినిమా వస్తే మనం మాట్లాడుకునే మాటలు దాదాపు రెండే రకాలు. హీరో ఇరగదీశాడనేది ఒకటి, ఇట్లాంటివి చూసి పిల్లకాయలు చెడిపోతారనేది ఇంకొకటి. ‘పుష్ప’ మొదటి భాగం వచ్చిన 2021 డిసెంబరు నుంచి, రెండో భాగం వచ్చిన 2024 డిసెంబరు దాటి నేటిదాకా, మైలవరం నుంచి పులివెందుల వరకు ఎక్కడ నలుగురు కూర్చున్నా వినపడేవి ఇవే. కడప జిల్లాలో మూడో మాట కూడా ఉంది: ఇది ఫలానా ఆయన కథేనంట! దర్శకుడు సుకుమార్ అల్లిన కల్పిత కథని తెలిసినా మన ప్రేక్షకుడు దాన్ని ఒక మనిషి జీవితచరిత్రగానే చూస్తాడు. చూడడా మరి? శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, నల్లమల దక్షిణపు కొస. ఎర్రచందనం తనంతట తాను పెరిగేది ప్రధానంగా ఈ కొండల్లోనే. ప్రొద్దుటూరు పేరుతో ఒక అటవీ డివిజనే ఉంది. మిగతా రాష్ట్రానికి వినోదమైనది మనకు ఊరి సంగతి. అందుకే మన అభిప్రాయం ఇంకాస్త నిక్కచ్చిగా ఉండాలంటాను. సరుకు మోసినవాడూ, దాని దెబ్బ తిన్నవాడూ కథలో ఏ మేరకు ఉన్నారో చూసి ఇట్లాంటి సినిమాను తూచాలి. నటన, నీతి ఆ తర్వాత.

సినిమా అడవి దగ్గరే మొదలుపెడదాం. ‘పుష్ప’ అడవి దృశ్యాలు చాలామటుకు మారేడుమిల్లిలో తీశారు. అది వానలు దండిగా పడే అడవి, పచ్చగా, నీడగా ఉంటుంది. ఎర్రచందనం అడవి అట్లా ఉండదు. రాతి గుట్టలు, ముళ్ళపొదలు, ఎండాకాలం ఆకు రాలి బోసిపోయిన చెట్లు, దూరం నడిస్తే గానీ దొరకని నీళ్ళు. తెరకు అందం కోసం మార్చుకున్నారులే అని సరిపెట్టుకోవచ్చు. కానీ అడవి మారితే అందులో చేసే పని కూడా మారిపోతుంది. మన అడవిలో కూలీ బియ్యం, పప్పు, ఉప్పు మోసుకుని కొండెక్కుతాడు. రోజుల తరబడి అక్కడే వండుకుని తింటాడు. చెట్టు నరికి, బెరడూ తెల్లచెక్కా అక్కడికక్కడే చెక్కేసి, ఎర్రటి చేవ మాత్రం మిగులుస్తాడు. ఇరవై ముప్పై కిలోల దుంగను భుజానికెత్తుకుని చీకట్లో రాళ్ళ మీద దిగుతాడు. దుంగలు పట్టుబడ్డాయని పేపర్లో వచ్చే వార్తల్లో గొడ్డళ్ళు, రంపాలతో పాటు వంట సరుకులు కూడా ఉండేది అందుకే. రోడ్డు దాకా దించాక అతని పని అయిపోతుంది. ఆ తర్వాత బండి, దాని ముందు పైలట్ కారు, చెన్నై, ఓడరేవు, విదేశం. సినిమావాళ్ళకు నచ్చేది ఈ రెండో సగం. ఛేజులు, బేరాలు, సిండికేటు పంచాయితీలు అన్నీ అందులోనే ఉన్నాయి.

నిజంలో ఈ రెండు సగాలూ ఎట్లుంటాయో చూడాలంటే 2015 ఒక్కటి చాలు. ఆ ఏడాది ఏప్రిల్ 7న చంద్రగిరి మండలం శ్రీవారిమెట్టు దగ్గర అడవిలో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు, ఎక్కువమంది తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల కూలీలు. ఎదురుకాల్పులని పోలీసులన్నారు, పట్టుకుని చంపారని హక్కుల సంఘాలన్నాయి. అదే ఏడాది, ఎర్రచందనం కేసుల్లో పెద్ద నిందితుడిగా పోలీసులు వెతుకుతున్న మన జిల్లా మనిషి కొల్లం గంగిరెడ్డిని మారిషస్‌లో పట్టుకుని నవంబరులో ఇక్కడికి తీసుకొచ్చారు. అట్లా చట్ట ప్రకారం జరగడమే సరైనది, ఏ నిందితుడికైనా కోర్టూ వకీలూ ఉండాల్సిందే. ఆ ఇరవై మందికి ఆ అవకాశం లేకుండా పోయింది. 2013 డిసెంబరులో అదే శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను కొట్టి చంపిన సంగతీ మరవకూడదు. అడవిలో కూలీ రక్తమూ కారింది, కాపలావాడి రక్తమూ కారింది. మోసినవాడికీ, మోయించినవాడికీ ఉన్న తేడా గంజాయి విషయంలో చట్టం అంకెల్లోనే కనబడుతుంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం లెక్కలో 20 కిలోలు దాటిన గంజాయి వాణిజ్య పరిమాణం. రుజువైతే పదేళ్ళకు తగ్గని కఠిన జైలు, లక్షకు తగ్గని జరిమానా, విచారణలో బెయిలు దొరకడం కూడా కష్టం. అక్కడ తూకం వేసేది సరుకును. పాడేరు వైపు నుంచి ఎవరి సంచో పట్టుకుని బస్సెక్కిన కుర్రవాడు దొరికితే ఆ పదేళ్ళూ వాడి నెత్తినే పడతాయి. డబ్బు పెట్టినవాడిదాకా కేసు పోవాలంటే దర్యాప్తు చాలా దూరం నడవాలి.

ఇప్పుడు అసలైన జీవితచరిత్ర సినిమా ఒకటి చూద్దాం. 2001లో టెడ్ డెమ్ తీసిన ‘బ్లో’లో జానీ డెప్ వేసిన జార్జ్ జంగ్ నిజం మనిషి. కొలంబియాలోని మెడెయిన్ ముఠా కొకైన్‌ను అమెరికాకు చేరవేసిన స్మగ్లర్. 1994లో పట్టుబడి, ఇరవై ఏళ్ళ పాటు జైల్లో ఉండి, 2014లో బయటికొచ్చి, 2021లో చనిపోయాడు. సినిమా ఆఖరున ముసలివాడైన జార్జ్, జైలుకు కూతురు వచ్చినట్టు ఊహించుకుంటాడు. చూసినవాళ్ళలో చాలామందికి కళ్ళు చెమరుస్తాయి. ఆ దుఃఖం నిజమే, నటుడూ గొప్పగా చేశాడు. కానీ కన్నీళ్ళన్నీ ఆ ఒక్క ఇంటికే ఎందుకు పోవాలి? అతను తెచ్చిన కొకైన్ పీల్చి చితికిపోయిన ఇంకో ఇంటి పిల్ల మనకు కనబడదు కాబట్టి. ప్రేక్షకుడి జాలి తెర మీద ఉన్నవాళ్ళకే దక్కుతుంది. ఎవరిని తెర మీదికి తేవాలో తేల్చే పని దర్శకుడిది.

ఈ విమర్శకు చెప్పే జవాబుల్లో మొదటిది, సినిమాను సినిమాగా చూడాలని. పూర్తి కల్పన అయితే కొంతవరకు ఒప్పుకోవచ్చు. ‘నిజ జీవిత కథ’ అని ముద్ర వేసుకున్నాక ఆ మినహాయింపు దక్కదు. ఫ్రాంక్ లూకస్ అనే హెరాయిన్ వ్యాపారి మీద 2007లో రిడ్లీ స్కాట్ తీసిన ‘అమెరికన్ గ్యాంగ్‌స్టర్’ చివర ఒక వాక్యం వేశారు. లూకస్ సాక్ష్యంతో న్యూయార్క్ మాదకద్రవ్య నిరోధక అధికారుల్లో ఎక్కువమంది దోషులుగా తేలారని దాని భావం. అది అబద్ధమని మాజీ అధికారులు కోర్టుకెక్కారు. 2008లో దావా కొట్టేశారు గానీ, ఒక్క వాక్యాన్ని జనం ఎంత నిజమని నమ్ముతారో ఆ గొడవే చెబుతోంది. రెండో జవాబు, చివర్లో శిక్ష పడుతుంది కదా అని. రెండున్నర గంటలు ఎదుగుదల చూపించి పది నిమిషాలు పతనం చూపిస్తే మనసులో నిలిచేది ఎదుగుదలే. మూడోది కాస్త బలమైనది: ఒక మనిషి కథలో అందరినీ ఇరికించలేం, పైగా ‘పుష్ప’ హీరో పుష్పరాజ్ కూలీగానే మొదలవుతాడు. ‘పుష్ప’లో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ కూలీ భాగమే. మారేడుమిల్లి అడవిలోనైనా, కాలు మీద కాలేసుకుని కూర్చునే ఆ కూలీ పొగరులో నిజాయితీ ఉంది. కానీ అతను మేస్త్రీని దాటి భాగస్తుడయ్యాక మిగతా కూలీలు గుంపైపోతారు. ఇక ఇరికించలేమన్నదానికి జవాబు ‘అమెరికన్ గ్యాంగ్‌స్టర్’లోనే ఉంది. పండగనాడు లూకస్ ఇంట్లో బల్ల నిండా విందు నడుస్తుంటే, మధ్యమధ్యలో అతని సరుకు ఎక్కించుకుని పడిపోయిన మనుషులను చూపిస్తాడు దర్శకుడు. నిమిషం పట్టే పని. కథ ఎక్కడా ఆగలేదు.

అట్లా తీస్తే ఎవరు చూస్తారన్నది ఆఖరి అడ్డు. అయితే తెర మీద ఎవరున్నారని అడగడం రాయలసీమవాళ్ళకు కొత్త కాదు. 1999లో ‘సమరసింహారెడ్డి’ నుంచి 2010లో పరిటాల రవి జీవితం ఆధారంగా రామ్‌గోపాల్ వర్మ తీసిన ‘రక్తచరిత్ర’ దాకా, సీమంటే వేటకొడవలేనా అని మనం అడుగుతూనే వచ్చాం. ఫ్యాక్షన్‌లో మొగుణ్ణి పోగొట్టుకుని సేద్యం నెత్తినేసుకున్న ఆడమనిషి ఆ సినిమాల్లో ఏడుపు సీనుకే పరిమితమైందని మనకు తెలుసు. ఆ కోపం న్యాయమైనదైతే, అదే కోపం దుంగ మోసిన తమిళ కూలీ తరఫునా రావాలి. చూసేవాళ్ళ సంగతంటారా, తమిళ దర్శకుడు వెట్రిమారన్ తీసిన ‘విసారణై’ ఉంది. కోయంబత్తూరు ఆటో డ్రైవర్ ఎం. చంద్రకుమార్ తను అనుభవించిన పోలీసు హింస గురించి రాసిన ‘లాకప్’ దానికి ఆధారం. అందులో హీరోలు, చేయని దొంగతనం ఒప్పుకోమని పోలీసులు చావబాదిన వలస కూలీలు. 2015లో వెనిస్ ఉత్సవానికి వెళ్ళింది, ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారం తెచ్చుకుంది, ఆస్కార్‌కు భారతదేశం పంపిన సినిమా కూడా అయింది. ఇంతా చేస్తే, ఆ కూలీలను కొట్టింది మన గుంటూరు స్టేషన్‌లో. ఆ కథను తీసింది తమిళులు. తెలుగువాళ్ళు ఎందుకు తీయలేదని మన ప్రేక్షకులు గట్టిగా అడగాలి.