సంభాషణ లిఖితములు - సంకేతనము

మానవానుభవమును మానవుల మాటలనుండియే గ్రహింపగోరు సామాజికశాస్త్ర పరిశోధకులు ముఖాముఖి సంభాషణములను యథాతథముగా లిఖించి, అందలి ప్రతిభాగమునకును భావసూచకమగు నొక చిన్నపేరు నుంతురు. దీనికి కోడింగని వ్యవహారము, సంకేతన మనవచ్చును. క్రొత్తగా నభ్యసించువారికి నిది గ్రంథాంతమందలి పదసూచికవలె దోచును. కాని సూచిక విషయమెచ్చట నున్నదో చెప్పును. సంకేతము విషయమేమియో చెప్పవలెను.

ఈ మార్గమున కాద్యులలో ముఖ్యులు బార్నీ గ్లేజరు, ఆన్సెల్మ్ స్ట్రాసు. వీరు కాలిఫోర్నియా వైద్యశాలలలో మరణాసన్నులగు రోగులనుగూర్చి పరిశోధించి 1965లో నొక గ్రంథమును, తమ పద్ధతిని వివరించుచు 1967లో మఱియొక గ్రంథమును ప్రకటించిరి. మొదటిదానియందు 'పరస్పరనటన' యను నవస్థ నిరూపింపబడినది. అంత్యకాలము సమీపించినదని రోగికిని పరిచారకులకును దెలియును. ఉభయులును దెలియనట్లే వర్తింతురు. అట్టి లిఖితముపై 'మరణము' అని మాత్రము వ్రాసి యూరకుండినచో నీ రహస్యము మఱుగుపడును. ఇచ్చట నేమి జరుగుచున్నదని ప్రశ్నించి, ఘట్టమును ఘట్టముతో బోల్చినప్పుడే యది బయల్పడును.

1990లో స్ట్రాసు, జూలియట్ కార్బిన్ అను విదుషితో గూడి, విడదీయుట, సంధించుట, ప్రధానాంశమున గూర్చుట యని సంకేతనమును మూడుదశలుగా విభజించెను. సాక్ష్యమును ముందుగా గల్పించిన చట్రమున బలవంతముగా నిమిడ్చుట యిదియని 1992లో గ్లేజరు ఖండించెను. గ్లేజరు భయము న్యాయమైనదే. అయినను పూర్వజ్ఞానము లేక యే వ్యాఖ్యాతయు మూలమును జదువజాలడు. కావున సంస్కారమును విడుచుట గాక, సంకేతమును మాటిమాటికి మూలముతో సరిచూచి, పొసగనిదానిని నిర్దాక్షిణ్యముగా ద్రోసివేయుటయే విద్యార్థికి రక్ష.

తెలుగున జరిగిన సంభాషణమును ముందుగా నాంగ్లీకరించి, పిదప సంకేతించువారికి మఱియొక యపాయము గలదు. 'మా బడి' యనువాడు శ్రోతను వెలుపల నుంచును. 'మన బడి' యనువాడు లోనికి జేర్చుకొనును. ఆంగ్లమున రెండును సాధారణముగా నొక్కటియే యగును. 'ఇచ్చినారు' అనుటకును 'ఇచ్చినారట' అనుటకును గల భేదమును నట్లే జాఱిపోవచ్చును. ఒక గ్రామము పాఠశాలను దనదిగా దలచుచున్నదా యను ప్రశ్నకు సమాధానమే యా చిన్నమాటలో నుండవచ్చును. కావున మూలభాషయందే సంకేతించి, తరువాత ననువదించుట యుక్తము.

కావ్యవ్యాఖ్యాత పొరపడినచో కావ్యము నిలిచియుండి యతనిని దిద్దును. ఇచ్చట మాటలాడిన సామాన్యుడు తన లిఖితమును మరల జూచుట యరుదు. అతని పక్షమున నిలుచునది సంకేతించువాని జాగరూకత యొక్కటియే.