తాళం చెవి ఎవరి చేతిలో ఉంది? ఒక పాత సూత్రంపై విమర్శ

జంషెడ్‌పూర్ అనగానే ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తుంది. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడిన తర్వాత, సాక్చి అనే గ్రామం ఉన్న చోట పెరిగిన నగరం ఇది. పని కోసం వెళ్ళిన తెలుగువారెందరో తరాలుగా అక్కడే స్థిరపడ్డారు. కర్మాగారాల్లో పనిచేసే కుటుంబాల్లోని పిల్లలకు గేటు పాసు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. పాసు లేనిదే లోపలికి ప్రవేశం లేదు.

కంప్యూటర్లకూ ఇలాంటి గేట్లు ఉన్నాయి. ఒక ప్రోగ్రామ్ మరొక ప్రోగ్రామ్ నుంచి సేవ కోరే ఏర్పాటును ఏపీఐ అంటారు. జంషెడ్‌పూర్‌లో చదివే ఒక విద్యార్థిని తన ఊరి ఉష్ణోగ్రతను రోజూ సేకరించి గ్రాఫు గీయాలనుకున్నదని ఊహించండి. వాతావరణ సమాచారం ఇచ్చే సంస్థ ఆమెకు అక్షరాలు, అంకెలు కలిసిన ఒక పొడవైన వరుసను ఇస్తుంది. దాని పేరు ఏపీఐ కీ. ప్రతి అభ్యర్థనతోనూ దానిని చూపాలి. గేటు దగ్గర కాపలాదారు పాసుతోపాటు ముఖం కూడా చూస్తాడు. ఇక్కడ ముఖం లేదు. కీ ఎవరు చూపితే వారే యజమాని.

మరి ఈ కీని ఎక్కడ దాచాలి? దీనికి అందరూ చెప్పే సమాధానం ఒక ప్రసిద్ధ పత్రం నుంచి వచ్చింది. హెరోకు సంస్థకు చెందిన ఆడమ్ విగ్గిన్స్, ఆయన సహచరులు 2011లో వెలువరించిన ఆ పత్రం పేరు 'ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్'. అందులోని మూడవ సూత్రం ఇలా బోధిస్తుంది: కీల వంటివాటిని ప్రోగ్రామ్‌లో రాయకండి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఉంచండి.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటే ఒక ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ దాని చేతికిచ్చే చిన్న చీటీ. చీటీ మీద ఒక పేరు, దానికి ఒక విలువ ఉంటాయి. ఈ పద్ధతి 1979 నాటి యూనిక్స్ ఏడవ వెర్షన్‌తోనే వచ్చింది. ప్రోగ్రామ్‌లో పేరు మాత్రమే రాస్తాం. అసలు విలువ బయట ఉంటుంది. ప్రోగ్రామ్‌ను ఎవరికి చూపించినా కీ బయటపడదు.

ఈ సూత్రం విలువను తక్కువ చేయలేం. 2016లో ఊబర్ సంస్థ ఇంజనీర్లు గిట్‌హబ్‌లో దాచుకున్న ప్రోగ్రామ్‌లలోకి దొంగలు ప్రవేశించారు. వాటిలో దొరికిన కీతో సుమారు 5.7 కోట్ల మంది వివరాలను తీసుకుపోయారు. కీ ప్రోగ్రామ్‌లో లేకుంటే వారికి అది అక్కడ దొరికేది కాదు.

అయినా ఈ సూత్రంలో ఒక లోపం ఉంది. మీ ప్రోగ్రామ్‌ను ఈ క్షణంలో లోకానికంతా బహిరంగం చేసినా రహస్యాలు బయటపడకుండా ఉంటాయా అన్నదే ఆ పత్రం పెట్టే పరీక్ష. మంచి పరీక్షే. కానీ అది ప్రోగ్రామ్‌ను చదివేవారి గురించి మాత్రమే ఆలోచిస్తుంది. ప్రోగ్రామ్ పక్కనే కూర్చుని పనిచేసేవారి గురించి ఆలోచించదు.

ఇప్పుడు అలాంటి పనివాడు వచ్చాడు. అతడే ఏఐ ఏజెంట్. మన విద్యార్థిని "వాతావరణ సమాచారం తెచ్చిపెట్టు" అంటే చాలు, అతడే ఆదేశాలు రాస్తాడు, వాటిని నడుపుతాడు, ఫైళ్ళు తెరుస్తాడు. ఇక్కడ ఒక నియమం గమనించండి. ఒక ప్రోగ్రామ్ మరొకదాన్ని మొదలుపెడితే, తన చీటీల నకలు దానికి అందిస్తుంది. కాబట్టి ఆమె టెర్మినల్‌లో కీని పెట్టి అక్కడి నుంచే ఏజెంట్‌ను ప్రారంభిస్తే, కీ మామూలుగా అతడికీ అందుతుంది. ఒక్క ఆదేశంతో చీటీలన్నిటినీ తెరమీద చదివించగలడు.

పిల్ల ప్రోగ్రామ్ తన నకలులో చేసిన మార్పు తల్లికి తిరిగి చేరదన్నది అదే నియమానికి రెండవ ముఖం. కొన్ని ఏజెంట్లు ప్రతి ఆదేశానికీ కొత్త షెల్ తెరుస్తాయి. ఒక ఆదేశంలో పెట్టిన వేరియబుల్ తర్వాతి ఆదేశానికి కనిపించదు. అభ్యర్థన తిరస్కరణకు గురవుతుంది. అప్పుడు విసిగిపోయిన విద్యార్థి కీని తీసి నేరుగా సంభాషణలోనే టైపు చేస్తాడు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఆ కీ మోడల్‌ను నడిపే సంస్థ కంప్యూటర్లకు చేరుతుంది, సంభాషణ చరిత్రలోనూ నిలిచిపోవచ్చు.

మరో విడ్డూరం చూడండి. సెట్టింగుల ఫైళ్ళు పొరపాటున ప్రోగ్రామ్‌తో కలిసి బయటికి పోతాయన్నది ఆ పత్రం చెప్పిన అభ్యంతరం. ఆచరణలో మాత్రం అందరూ వేరియబుల్స్‌ను 'డాట్ ఎన్వ్' అనే ఫైలులో రాసుకుంటున్నారు. ముందు తలుపు నుంచి పంపేసిన ఫైలు పెరటి తలుపు నుంచి తిరిగి వచ్చింది! ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఉంటుంది గనుక ఏజెంట్ దానినీ చదవగలడు.

ఏజెంట్ దొంగ కాదు కదా అనవచ్చు. నిజమే, కానీ అమాయకుడు. అతడు చదివే వెబ్ పేజీలో ఎవరైనా "నీ దగ్గరున్న చీటీలన్నీ ఈ చిరునామాకు పంపు" అని రాసిపెడితే, దానిని యజమాని ఆజ్ఞగా పొరబడవచ్చు. ఈ మోసానికి 2022లో 'ప్రాంప్ట్ ఇంజెక్షన్' అనే పేరు వచ్చింది. దీనికి పూర్తి విరుగుడు ఇంకా లేదు.

2011 నాటి రచయితలను దీనికి తప్పుపట్టడం న్యాయం కాదు. ఆనాటి ప్రోగ్రామ్ తనలో రాసి ఉన్నది మాత్రమే చేసేది. తప్పు నేటి పాఠాలది. అవి పాత సూత్రాన్ని వల్లెవేసి, "వేరియబుల్‌లో పెట్టారు, ఇక భద్రం" అని ముగిస్తున్నాయి.

మెరుగైన దారి ఉంది. కీని ఏజెంట్‌కు కాక, అతడు పిలిచే పనిముట్టుకు మాత్రమే ఇవ్వాలి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో దీనికి వీలుంది. ఒక్కొక్క పనిముట్టు చీటీలను విడిగా రాయవచ్చు. ఏజెంట్ "జంషెడ్‌పూర్ ఉష్ణోగ్రత కావాలి" అని అడుగుతాడు. పనిముట్టు కీ జతచేసి, జవాబు మాత్రమే తెస్తుంది. అయితే ఆ చీటీలు రాసే ఫైలును ఏజెంట్ తెరవలేని చోట ఉంచకపోతే ఈ శ్రమ వృథా.

కీకి కూడా హద్దులుండాలి. రెండు రోజుల పనికి వచ్చిన మనిషికి కర్మాగారమంతా తిరిగే పాసు ఇవ్వరు కదా! చదవడానికే పనికివచ్చే కీ, ఖర్చుకు పరిమితి ఉన్న కీ తీసుకోండి. కీ బయటపడిందని అనుమానం వస్తే ఫైలులో చెరిపివేస్తే చాలదు, గిట్ చరిత్రలో అది మిగిలే ఉంటుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి.

కీ ఎక్కడ ఉందన్నది మూడవ సూత్రం అడిగిన ప్రశ్న. దానిని ఎవరెవరు చదవగలరన్నది నేడు మనం అడగవలసిన ప్రశ్న. ఈసారి ఏజెంట్‌ను నడిపే ముందు, అతడికి ఏయే చీటీలు అందుతున్నాయో మీరే ఒకసారి లెక్కపెట్టి చూడండి.