ఒక్క రేకున సర్వవర్ణములు

2016 అక్టోబరు మొదలు మరుసటి మార్చివరకు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమువారు స్టాన్లీ విలియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హాష్మీల ముద్రణచిత్రములను ఒక్కచోట చేర్చి ప్రదర్శించిరి. ముగ్గురును పారిస్‌లోని 'అతెలియే 17' కర్మశాలలో చేయి తిరిగినవారే. హేటర్ 1927లో దానిని నెలకొల్పెననియు, మీరో, జకొమెత్తి వంటి ఉద్దండులు అచట ఫలకములు చెక్కిరనియు, యుద్ధకాలమున న్యూయార్కు తరలిన హేటర్ 1950లో మరల పారిస్ చేరెననియు చరిత్ర చెప్పును. నాకు మాత్రము చిత్తూరు సమీపమున నందనూరులో 1925లో జన్మించి, శాంతినికేతనమున నందలాల్ బోసుకు శిష్యుడై, లండనులో హెన్రీ మూర్ వద్దను పారిస్‌లో జాడ్కిన్ వద్దను శిల్పము నభ్యసించిన తెలుగువాడు కృష్ణారెడ్డి ఆ కర్మశాలలో సాధించిన ఘనకార్యమే ముఖ్యము.

అంతకుమునుపు వర్ణచిత్రము ముద్రింపవలెనన్న సాధారణముగా రంగుకొక ఫలకము చెక్కి, వానిని వెంట్రుకవాసి తేడా రాకుండ ఒకదాని వెంట నొకటి అచ్చొత్తవలసి యుండెడిది. హేటర్, కృష్ణారెడ్డి, బొంబాయివాడైన కైకో మోతీల కృషితో రూపొందిన స్నిగ్ధతాపద్ధతిలోనో, ఒక్క ఫలకము ఒక్కమారు యంత్రమున దూరివచ్చుసరికి రంగులన్నియు కాగితమున కెక్కును. కిటుకంతయు నూనెలో నున్నది. జింకురేకును ఆమ్లముతోను ఉలితోను తొలిచి మిట్టపల్లములు కల్పించి, గాడులలో సిరా నింపి, పైభాగము తుడిచివేయుదురు. పిదప అవిసెనూనె విరివిగా కలిపిన పలుచని సిరాను గట్టి రోలరుతో తేలికగా దొర్లించినచో అది మిట్టలకు మాత్రమే అంటును. నూనె తగ్గించి జిగటగా చేసిన వేరొక సిరాను మెత్తని రోలరుతో అదిమి దొర్లించినపుడు, అది పల్లములలోనికి దిగునే గాని, నూనె తడిసిన మిట్టలపై, తామరాకున నీటిబొట్టువలె, నిలువనే నిలువదు. నూనెపాలు రవంత తప్పినను రంగులు కలగాపులగమగును.

1963 నాటి 'సుడిగుండం' చూడుడు! దృష్టి ఎచట నిలిపినను కేంద్రమువైపునకే లాగికొనిపోవును. దగ్గరగా వంగి చూచినవారికి, దూరమునుండి ఏకముగా తోచిన వర్ణము సూక్ష్మరేఖలుగా, బిందువులుగా విడిపోయి, ఒక్కొక్క రంగు తన తన ఎత్తున నిలిచియుండుట కనబడును. 1968 పారిస్ విద్యార్థి తిరుగుబాటు నాటి 'నిరసనకారులు', తరువాతి 'మహావిదూషకుడు' దీనికి తోబుట్టువులు. ఒకే ఫలకమునుండి వేర్వేరు వర్ణచ్ఛాయలతో ప్రతులు తీయగల ఆ చేతికి నమస్కారము! హేటర్ అభిమానులు ఈ ఘనతను గురువుగారికే కట్టబెట్టుచుందురు. హేటర్ రేఖలో వేగమున్నది, ఔదార్యమున్నది, కాదనను. కాని లోహపురేకును శిల్పిచేతితో చెక్కి దానిచేత రంగులు పలికించుటలో కృష్ణారెడ్డిగారికి సాటి లేరనుట నా దృఢవిశ్వాసము.

అట్టి విద్య వెలసియుండగా, నేడు అంగళ్లలో జరుగుచున్నదేమి? వర్ణచిత్రమునకు ఫొటో తీసి, కంప్యూటరు యంత్రమున అచ్చువేసి, అడుగున పెన్సిలుతో, ఇరువది ప్రతులలో ఐదవదన్నట్లు, '5/20' అని సంఖ్య వ్రాసి, ప్రక్కన సంతకము పెట్టి, ముద్రణకళాఖండమని వేలకు వేలు గుంజుచున్నారు. ఉలి తాకలేదు, సిరా కలుపలేదు, రోలరు పట్టలేదు. ఆ సంఖ్యకు అర్థమేమున్నది? ఇది కొనువారికి మోసము, చెక్కువారికి ద్రోహము.

1972లో పద్మశ్రీ పొందిన కృష్ణారెడ్డిగారు 2018లో న్యూయార్కునందే కన్నుమూసిరి. మన చిత్రకళాశాలల పెద్దలకు నా విన్నపమొక్కటే: ఒక మంచి ముద్రణయంత్రము, రెండు రోలర్లు, కొన్ని జింకురేకులు సమకూర్చి, ఈ పద్ధతిని చేతితో చేసి చూపగల వారిని పిలిపించి, మన పిల్లలచేత సిరా కలిపింపుడు.