తీరికగ నున్న సర్వరు

ఇరువదియేండ్లుగా నా రాత్రులలో నధికభాగము, హైదరాబాదునందలి యొక కార్యాలయమున కన్సోలు ముందు గూర్చుండి, సముద్రముల కావలనున్న యొక బ్యాంకు మెయిన్‌ఫ్రేములను కనిపెట్టి యుండుటయందే గడచినది.

1994లో ఐబీఎం వారు వెలువరించిన ప్యారలల్ సిస్‌ప్లెక్సునందు, 32 వరకు వ్యవస్థలు కప్లింగ్ ఫెసిలిటీ యను ఉమ్మడి జ్ఞాపకశాల ద్వారా ఒకే సమాచారమును పంచుకొనును గనుక, ఖాతాదారుని లావాదేవీ వానిలో దేనియందైనను జరుగవచ్చును. ఆ యేటనే వచ్చిన వర్క్‌లోడ్ మేనేజరు, ఏ పనికెంత ప్రాసెసరు నీయవలెనో మనలను చెప్పుమనదు. ఈ తరగతి పనులు అరసెకండులో ముగియవలెను, వీని ప్రాధాన్యము 1 అని లక్ష్యము నిర్దేశించినచో, సుమారు 10 సెకండ్ల కొకసారి జరిగినదానిని దానితో పోల్చి, తక్కువ ప్రాధాన్యము గల పనులనుండి వనరులను తీసి దీనికిచ్చును. జరిగినదానికిని లక్ష్యమునకును గల నిష్పత్తికి పర్ఫార్మెన్స్ ఇండెక్సని పేరు: 1ని మించెనా, పని వెనుకబడినదని యర్థము.

నేను క్రొత్తగా చేరిన దినములలో నొకరాత్రి, మూడు వ్యవస్థలలో ఇండెక్సు 1 దగ్గరనే యుండగా, నాలుగవదానిది 0.2కు దిగెను; దానికి వచ్చు పనియు నిమిషనిమిషమునకు పెరుగుచుండెను. ఇంత పనిని ఇంత వేగముగ చేయుచున్నదే యని నేను సంతసించుచుండగా, ప్రక్క కుర్చీలోని పెద్దాయన లేచివచ్చి, తెరవైపు వంగి, “వేగం సరే బాబూ, ఒక్కటైనా పూర్తవుతున్నదా, చూశావా?” అని యడిగిరి.

చూడగా, అందలి సర్వరునకును డేటాబేసునకును నడుమ సంబంధము తెగియుండెను. వచ్చిన ప్రతి లావాదేవియు వచ్చిన క్షణముననే అబెండై, అనగా నడుమనే ఆగిపోయి, వెనుదిరుగుచుండెను. విఫలమగుటకు పట్టు కాలము పనిచేయుటకు పట్టు కాలములో లేశమాత్రమే గనుక, పనిని పంచు యంత్రాంగమునకు అదియే మిక్కిలి తీరికగ నున్న సర్వరుగ దోచి, తక్కిన మూడింటికి పోవలసిన పనిని సైతము దానికే మళ్లించుచుండెను. మా వృత్తిలో దీనిని స్టార్మ్ డ్రెయిన్ అందురు. వానకాలమున వీథినీరంతయు ఒక్క తూములోనికి జారిపోవుట చూచినవారికి ఆ పేరు విప్పి చెప్పనక్కరలేదు.

పూర్తిగ నాగిపోయిన వ్యవస్థ నన్నంతగ భయపెట్టదు. ప్రతి వ్యవస్థయు తాను సజీవముగ నున్నట్లు కపుల్ డేటాసెట్టను ఉమ్మడి దస్త్రములో వ్రాయుచుండవలెను గనుక, ఆ వ్రాత నిర్ణీతకాలము నిలిచెనా, తక్కినవి దానిని సమూహమునుండి తొలగించుటకు పూనుకొనును. బ్రతికియుండి, మాటకు బదులిచ్చుచు, పని మాత్రము చేయని సర్వరే కష్టము. ఇందుకనియే సర్వరుల ఆరోగ్యమును 0 మొదలు 100 వరకు గల యంకెగా వర్క్‌లోడ్ మేనేజరునకు తెలుపు ఏర్పాటొకటి కలదు. కాని ఆ యంకెను పలుకవలసినది మరల నొక ప్రోగ్రామే గనుక, దానిని వ్రాసినవారి జాగ్రత్త యెంతయో, ఆ మాటకు విలువయు నంతయే.

పెద్దాయన యొద్ద నొక గీతల నోటుపుస్తకముండెడిది. మానిటరు అన్నిటిని భద్రపరచుచున్నను, పావుగంట కొకమారు నాలుగు వ్యవస్థలలోను పూర్తియైన లావాదేవీల సంఖ్యను పెన్సిలుతో అందులో వ్రాసికొనెడివారు. ఉద్యోగము విరమించునాడు దానిని నాకిచ్చిరి. ఆ రాత్రి పుటలో, నాలుగవ వరుసయందు, రెండుంబావు గంటల కెదురుగా నొక సున్నయు, దానిచుట్టు రెండుమారులు దిద్దిన వలయమును నేటికిని కనబడుచున్నవి.