ఇరుసు ఎరిగిన చేతులు

కృష్ణా డెల్టా పల్లెల్లో పుట్టి, కారు మీది మమకారాన్ని ముసలితనం దాకా నిలుపుకున్నవారిలో చాలామందికి మొదటి వాహనం ముంజకాయల బండి. ఎండాకాలంలో ముంజలు తీసి తినగా మిగిలిన రెండు తాటి బుర్రలను ఒక పుల్లకు చెరోవైపు గుచ్చి, ఆ పుల్లను పంగలకర్రతో నెట్టుకుంటూ పోయే ఈ ఆటవస్తువులో చక్రమూ ఉంది, ఇరుసూ ఉంది. ఇరుసు అంటే రెండు చక్రాలను కలిపే కడ్డీ అని నిఘంటువు చెప్పకముందే పిల్లల చేతులకు తెలిసిపోతుంది. పుల్ల సరిగ్గా నడిమధ్యన దిగకపోతే బండి కుంటుతుంది. కొత్తలో పుల్ల బిగుతుగా ఉండి రెండు బుర్రలూ ఒక్కటిగా తిరుగుతాయి కనుక మలుపు దగ్గర ఒక బుర్ర దుమ్ములో ఈడ్చుకుపోతుంది. కొంతసేపటికి రంధ్రం అరిగి వదులై, దేని పాటికి అది తిరగడం మొదలుపెట్టాక అదే బండి ఇరుకు సందులో కూడా సులువుగా మళ్లుతుంది.

మోటారు వాహనంలో డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల పెట్టె చేసే పని సరిగ్గా ఇదే. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడవాలి కనుక, ఇంజను బలం రెండింటికీ అందుతూనే అవి వేర్వేరు వేగాలతో తిరిగేలా చూసే అమరికకు ఆ పేరు. తాటి బుర్రలతో ఈ సంగతి గ్రహించిన చేతులు పెద్దయ్యాక లారీ కింద పడుకొని ఆ పెట్టెలోని క్రౌన్ చక్రాన్నీ, దానిని తిప్పే పినియన్‌నూ విప్పినప్పుడు, అక్కడ కనిపించేది కొత్త వింత కాదు, పాత చుట్టం. ఆడపిల్లలకు మాత్రం ఆ బండి నెట్టే వంతు చాలా ఇళ్లలో దక్కలేదన్న మాట ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది.

ఈ మమకారానికి విజయవాడలో బడి వంటి చోటు కూడా ఏర్పడింది. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా సరకు కాలువల్లో పడవల మీద సాగింది. 1957లో ప్రకాశం బ్యారేజీ మీదుగా నదిపై రోడ్డు పడడం, మద్రాసు–కలకత్తా రహదారీ హైదరాబాదు–బందరు రహదారీ ఈ ఊళ్లోనే కలవడం వల్ల లారీల రాకపోకలు పెరిగాయి. లారీ ఆగినచోట మేస్త్రీ అవసరం పడింది. ఆ విధంగా 1960ల్లో నెలకొన్న జవహర్ ఆటోనగర్‌లో, ఛాసిస్ అనే ఇనుప చట్రం మీద కర్రతో, రేకుతో పైకట్టు నిర్మించే బాడీ బిల్డింగూ, సొట్టపడిన రేకును సుత్తితో సాఫు చేసే టింకరింగూ, బరువును ఓర్చుకునే కమాను పట్టీల పనీ, లేత్ పనీ పక్కపక్కనే సాగుతాయి. వీటిలో చాలావరకు ఎడ్లబండి కాలపు వడ్రంగి, కమ్మరి విద్యలకు కొత్త రూపాలే. ఇరుసు, కందెన అనే మాటలు ఆ బండి నుంచి మోటారుకు ఎక్కినవే.

ఈ విద్యలో చేతితో సమానంగా చెవికీ పని ఉంది. 1950ల చివర మొదలై 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్ కారునే తీసుకుంటే, దాని బానెట్ ఎత్తగానే ఇంజను చుట్టూ చేతులు ఆడేంత ఖాళీ ఉంటుంది. ఏ భాగం ఎక్కడ ఉందో కంటికి కనిపిస్తుంది. ఇంజనులోకి గాలినీ పెట్రోలునూ రానిచ్చి పొగను బయటికి పంపే తలుపుల వంటివి వాల్వులు. వాటిని నొక్కే మీటకూ వాటికీ మధ్య విడిచే వెంట్రుకవాసి సందును మెకానిక్కులు ట్యాపెట్ గ్యాప్ అంటారు. ఆ సందు పెరిగితే టిక్కుటిక్కుమనే చప్పుడు వస్తుంది. అనుభవం గల మేస్త్రీ పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకొని, ఆ చప్పుడు ఏ సిలిండరు దగ్గర పుడుతున్నదో వైద్యుడు నాడి చూసినంత శ్రద్ధగా కనిపెడతాడు. దసరాకు పానాలకూ సుత్తులకూ పసుపు కుంకుమ పెట్టి పూజించడం ఆ శ్రద్ధకు తగిన మర్యాద.

గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటరు పోయి, కంప్యూటరు చెప్పినట్టు పెట్రోలు చిమ్మే ఇంజన్లు వచ్చాక, లోపాన్ని స్కానర్ అంకెలలో చూపిస్తున్నది. ఇది మేలే. అయితే అరిగిన బేరింగు మూలుగునూ, చితికిన రబ్బరు బుష్ చప్పుడునూ పట్టుకోవడానికి ఇప్పటికీ చెవే కావాలి; స్కానర్ చూపిన అంకె వెనుక ఉన్న అసలు కారణాన్ని వెతకవలసింది మనిషే.

ఇంత విలువైన విద్యను తెలుగు ఇళ్లలో బెదిరింపుగా వాడుతున్నారు. చదవకపోతే మెకానిక్ షెడ్డులో పడేస్తామన్న మాట వినకుండా పెరిగిన పిల్లలు అరుదు. పసివాళ్లను పనిలో పెట్టడం అన్యాయం, 14 ఏళ్లలోపు వారి విషయంలో చట్టవిరుద్ధం కూడా. కాని ఆ అన్యాయానికి మందు ఈ చేతి విద్యను చిన్నచూపు చూడడం కాదు. కారు బొమ్మ కోసం ఏడ్చిన పిల్లవాడు మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకొని కూడా తన చేతులతో ఒక్క ఇంజనునైనా విప్పకుండా ఉండిపోవడం అతని మమకారానికి జరిగిన నష్టం. అందుకు భిన్నంగా, బడి రోజుల నుంచే పాత సామానుతో వాహనాలు కట్టడం మొదలుపెట్టిన హైదరాబాదు కె. సుధాకర్, 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడుచక్రాల సైకిలుతో గిన్నిస్ పుటలకెక్కి, 2010లో బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం తెరిచారు. వంకాయ ఆకారంలోనూ, క్రికెట్ బంతి ఆకారంలోనూ ఉండి రోడ్డు మీద నిజంగా నడిచే బండ్లు అక్కడ ఉన్నాయి. చిన్ననాటి ఇష్టానికి పనిముట్లు దొరికితే ఏమవుతుందో చూడదలచినవారు పిల్లలతో కలిసి వెళ్లవలసిన చోటు అది.

అంత దూరం వెళ్లలేనివారికి ఒక మనవి. ఇంట్లో అమ్మాయి గాని అబ్బాయి గాని బొమ్మకారును విప్పి చక్రాలు వేరుచేస్తే కోప్పడకుండా, దానిని మళ్లీ బిగించడానికి ఒక చిన్న స్క్రూడ్రైవర్ కొనిచ్చి, ఆ సాయంత్రం కాసేపు పక్కన కూర్చోండి.