స్టడ్డా, బోల్టా: ముందు పట్టు సంగతి చూడాలి

ఇంజన్ పవర్ పెంచాలనుకునేవాళ్లు టర్బో, క్యామ్, పిస్టన్ల గురించి ఎంతసేపైనా చర్చిస్తారు. హెడ్‌ను బ్లాక్‌కు పట్టి ఉంచే సామాను దగ్గరికొచ్చేసరికి "బోల్టులు తీసి స్టడ్లు వేయించు, గట్టిగా ఉంటాయి" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. అందులో సగమే నిజం. స్టడ్ అంటే తల లేకుండా రెండు కొసలా మరలున్న కడ్డీ. అదే ఉక్కుతో, అదే మందంతో చేసిన బోల్టుకూ అంతే బలం ఉంటుంది. స్టడ్ వల్ల అసలు లాభం, మనం అనుకున్నంత పట్టు నిజంగా హెడ్ మీద పడుతుందన్న భరోసా. టార్క్ రెంచ్‌తో పెట్టే శక్తిలో సుమారు పదో వంతే బోల్టును సాగదీసి హెడ్‌ను నొక్కి పడుతుంది. మిగతాదంతా తల కింద, మరల్లో రాపిడికి పోతుంది. మరల్లో కాస్త తుప్పున్నా, ఆయిల్ సరిగా అందకపోయినా రెంచ్ అదే అంకె చూపిస్తుంది, లోపలి పట్టు మాత్రం తగ్గిపోతుంది. పైగా బోల్టు బ్లాక్ మరల్లో తిరుగుతూ సాగాలి కనుక మెలి, లాగుడు రెండూ దాని మీదే పడతాయి. స్టడ్‌ను ముందే చేత్తో బ్లాక్‌లో దించుతాం. తర్వాత తిరిగేది పైనున్న నట్టే, స్టడ్ మీద పడేది చాలావరకు లాగుడే. కింది ముతక మరలు పోత లోహాన్ని పట్టుకుంటాయి, పై సన్న మరల మీద బిగింపు కొద్దికొద్దిగా ఎక్కుతుంది. హెడ్ తరచూ ఊడదీసే రేసు ఇంజన్‌లో అల్యూమినియం బ్లాక్ మరలు అరిగిపోకుండా ఉండటం ఇంకా పెద్ద మేలు. నట్టు పాడైతే మరొకటి దొరుకుతుంది, బ్లాక్‌లో త్రెడ్ పోతే దాన్ని మళ్లీ కోయించాల్సిందే.

కంపెనీ ఇంజనీర్లకు ఇది తెలియదా అని అడగవచ్చు. తెలుసు. అసెంబ్లీ లైన్‌లో బోల్టుతో పని త్వరగా అవుతుంది. టార్క్-టు-యీల్డ్ బోల్టును కొంత టార్క్ దాకా బిగించి, ఆపైన ఇన్ని డిగ్రీలని తిప్పుతారు కనుక రాపిడి తేడాలు పెద్దగా పట్టవు. ఆ పద్ధతి కంపెనీ అనుకున్న సిలిండర్ ప్రెషర్‌కు చక్కగా సరిపోతుంది. చిక్కు వచ్చేది మనం ఆ ప్రెషర్‌ను దాటించినప్పుడు. అమెరికాలో 2003 నుంచి ఫోర్డ్ పికప్‌లలో వచ్చిన 6.0 లీటర్ల పవర్‌స్ట్రోక్ డీజిల్‌లో ఒక్కో సిలిండర్ చుట్టూ నాలుగే పెద్ద బోల్టులు, అవీ చాలావరకు పక్క సిలిండర్‌తో పంచుకున్నవే. ట్యూనింగ్‌తో బూస్ట్ పెంచితే హెడ్ లేచి గ్యాస్కెట్ పోవడం ఆ బండ్ల యజమానులకు బాగా తెలిసిన కథ, అందుకే వాళ్లలో చాలామంది స్టడ్లకు మారారు. అయితే వంకరపోయిన హెడ్‌ను చదును చేయించకుండా స్టడ్లు వేస్తే ఆ ఖర్చు వృథా.

స్టడ్ అయితే చాలు అనేవాళ్లకు 1970ల నాటి 2.7 లీటర్ల పోర్షా 911ను చూపిస్తాను. అందులో ఉన్నవి స్టడ్లే. కానీ వేడికి అల్యూమినియం సిలిండర్లు ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచించి, మెగ్నీషియం క్రాంక్‌కేస్ నుంచి స్టడ్లను మరలతో సహా పీకేసేవి. అంటే స్టడ్ దిగే లోహాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఇక భీకరమైన ఒత్తిడి భరించే కనెక్టింగ్ రాడ్ సంగతి చూడండి. రేసు ఇంజన్లలోనూ అక్కడ సాధారణంగా బోల్టులే ఉంటాయి, వీలున్న చోట అవి ఎంత సాగాయో గేజ్‌తో కొలిచి మరీ బిగిస్తారు. సాగుడు కొలవగలిగితే బోల్టును శంకించాల్సిన పని లేదని నా అభిప్రాయం.

క్రాంక్‌ను బ్లాక్‌కు పట్టి ఉంచే మెయిన్ క్యాప్‌లకు స్టడ్లు వేయించేవాళ్లు మరో ఖర్చుకు సిద్ధపడాలి. పట్టు మారితే క్రాంక్ కూర్చునే రంధ్రాల ఆకారమూ కొద్దిగా మారుతుంది, కాబట్టి కొత్త స్టడ్లు బిగించి ఆ రంధ్రాలను లైన్ హోనింగ్‌తో సరిచేయించాలి. హెడ్ స్టడ్లతో సిలిండర్ బోర్‌కూ అదే ముప్పు, అందుకే హెడ్ బదులు టార్క్ ప్లేట్ బిగించి బోర్‌ను హోనింగ్ చేస్తారు. ఇవేవీ చేయించే ఉద్దేశం లేనప్పుడు, బూస్ట్ పెంచని రోజువారీ కారుకు కంపెనీ కొత్త బోల్టులే మేలంటాను. స్టడ్లుంటే హెడ్‌ను వాటి పొడవంతా నిటారుగా ఎత్తాలి. బ్రేక్ బూస్టర్ అడ్డొచ్చే ఇరుకు బానెట్లలో, ఒక్క గ్యాస్కెట్ మార్చడానికి ఇంజన్ మొత్తం కిందికి దించాల్సి రావచ్చు.